గొట్టం పాతాక చట్టం ఎక్కడికి పోతుంది?

(అమలాపురంలో జరిగిన ఒక సభలో స్థానిక న్యాయవాది చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. ముందు వరసలో పెద్దలున్నారు, వెనకాల డిగ్రీ చదివే పిల్లలున్నారు, మధ్యలో నాలుగు వరసలు ఖాళీ. అది మన సభల ఆచారం, నేనేం అనను. (నవ్వులు)

నాకిచ్చిన అంశం "రాష్ట్ర ఇంధన వనరులు, పర్యావరణ నిబంధనల ప్రభావం". ఈ మాట వినగానే కొందరికి ఒకటే అనిపిస్తుంది. మన కాళ్ల కింద సంపద ఉంది, ఈ నిబంధనలు అడ్డం పడకపోతే ఈపాటికి మనం దుబాయ్ అయిపోదుం అని. ఇంకొందరు దానికి పూర్తిగా ఎదురు చెబుతారు. నిబంధనలన్నీ కాగితాలేనండీ, కంపెనీ వాడు ఏది తలిస్తే అది చేస్తాడు అంటారు. నేను ఈ రెండింటికీ తగువు తీర్చడానికి రాలేదు. కోర్టులో గ్యాస్ లైన్ల నష్టపరిహారం కేసులు చూస్తుంటాను కాబట్టి నాకు కనిపించింది చెబుతాను. అనుమతి కాగితం మీద సంతకం పడేదాకా నిబంధన మన పక్కనే ఉంటుంది. సంతకం పడిన మర్నాటి నుంచి దాని జాడ వెతుక్కోవాలి. మన డెల్టాలో మనుషులు పోయినా, తోటలు పోయినా, కరెంటు పోయినా, ఆ సంతకం తర్వాత జరిగిన వాటివల్లే పోయాయి.

ముందు మనకేముందో చూద్దాం. రాష్ట్రంలో ఎండ రాయలసీమది. పెద్ద బొగ్గు కేంద్రాలకు బొగ్గు బయటి నుంచి రావాలి. మన గోదావరి జిల్లాలకు దక్కింది గ్యాస్. 1978లో నర్సాపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీకి గ్యాస్ పడింది. ఆ తర్వాత రాజోలు, తాటిపాక, పాశర్లపూడి, మోరి, కేశనపల్లి, ఇటు మండపేట, అడవిపాలెం... ఈ ఊళ్ల పేర్లు మనకు చుట్టరికాల వల్ల తెలుసు, ఢిల్లీ వాళ్లకి క్షేత్రాల పేర్లుగా తెలుసు. తాటిపాకలో 2001 నుంచి ఏడాదికి 66 వేల టన్నుల చిన్న రిఫైనరీ నడుస్తోంది. సముద్రంలో రవ్వ క్షేత్రం ఉంది, దాని టెర్మినల్ ఎస్.యానాంలో. కృష్ణా-గోదావరి బేసిన్‌ని కేజీ అంటారు, అందులో రిలయన్స్ వారి సముద్రపు బ్లాకు డీ6. ఆ కేజీ-డీ6 గ్యాస్ గాడిమొగలో ఒడ్డుకెక్కుతుంది. ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకు ఉంది కదా, 98/2 అంటారు, అందులో 2024 జనవరిలో చమురు మొదలైంది. దాని ఒడ్డు మన ఓడలరేవు.

మరి ఇదంతా ఎవరిది? రాష్ట్రానిది అనుకుంటాం. కాదండి. రాజ్యాంగంలో కేంద్ర జాబితా 53వ పద్దు చమురు క్షేత్రాలను కేంద్రానికిచ్చింది. సముద్రం అడుగున ఉన్నదంతా 297వ అధికరణం కింద కేంద్రానిదే. గుజరాత్ తన సొంత గ్యాస్ చట్టం చేసుకుంటే, సహజవాయువు కూడా ఆ పద్దులోదే, రాష్ట్రానికి ఆ అధికారం లేదని 2004లో సుప్రీంకోర్టు తేల్చేసింది. నేల మీద తీసిన గ్యాస్‌కి రాయల్టీ రాష్ట్రానికొస్తుంది. సముద్రంలో తీసిన దానికి కేంద్రానికి పోతుంది. గాడిమొగలో ఒడ్డుకెక్కినా సరే, బావి సముద్రంలో ఉంది కాబట్టి మనకు రాయల్టీ లేదు.

ఇంకొకటి చెబుతాను, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బొగ్గు తవ్వే కొత్తగూడెంలోనో, సున్నపురాయి తవ్వే చోటో, 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి అని ఒకటి ఉంది. రాయల్టీ మీద కొంత శాతం ఆ తవ్వకం దెబ్బ తిన్న ఊళ్లకే ఖర్చు పెట్టాలి, అది చట్టం. మనకెందుకు లేదు? ఆ గనుల చట్టంలో ఖనిజం అంటే ఏమిటో చెప్పేచోటే "ఖనిజ తైలాలు మినహా" అని రాశారు. చమురు, గ్యాస్ దాని బయటికి పోయాయి. అంచేత బొగ్గు ఊరికి హక్కుగా వచ్చే డబ్బు గ్యాస్ ఊరికి రాదు. గ్యాస్ ఊరికి వచ్చేది సీఎస్‌ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. కంపెనీల చట్టం ప్రకారం లాభంలో 2 శాతం, అది ఏ ఊరికి పెట్టాలో కంపెనీ ఇష్టం. స్కూలుకి గది కట్టిస్తారు, నీళ్ల ప్లాంటు పెడతారు, బోర్డు మీద పేరు రాయించుకుంటారు. నేను తప్పు పట్టట్లేదు. దయ వేరు, బకాయి వేరు అంటున్నాను, అంతే.

సరే, ఇక అసలు నింద దగ్గరికి వద్దాం. పర్యావరణ నిబంధనలు రాష్ట్రానికి కరెంటు రానివ్వలేదు అన్నది.

విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కాకినాడ స్పెక్ట్రమ్, పెద్దాపురం గౌతమి, మన రావులపాలెం అవతల దేవరపల్లి దగ్గర కోనసీమ పవర్. గోదావరికి అటూ ఇటూ ఇన్ని గ్యాస్ కరెంటు కేంద్రాలు ఎందుకు కట్టారు? కేజీ గ్యాస్ వస్తోందని. కేజీ-డీ6లో ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నారు. 2010లో 6 కోట్లు దాటింది, అంతే. అక్కడి నుంచి జారుడు. 2013 నాటికి 2 కోట్ల కిందికి దిగిపోయింది. ఆ ఏడాది మార్చి నుంచి కరెంటు కేంద్రాలకు డీ6 గ్యాస్ సున్నా. దేశం మొత్తం మీద గ్యాస్ అసలే రాకుండా నిలబడిపోయిన కేంద్రాల లెక్క 2015లో తీస్తే 14,305 మెగావాట్లు. అందులో మన గోదావరి జిల్లాలవి కొన్ని. సామర్లకోట దగ్గర 2,400 మెగావాట్లకి కట్టిన కేంద్రమైతే ఒక్కరోజు కూడా నిండుగా నడవలేదు. దాని యంత్రాల్లో కొన్ని బంగ్లాదేశ్ ప్రాజెక్టుకు వెళ్లాయి.

దీన్ని ఏ నిబంధన ఆపింది? డీ6 పడిపోవడానికి కంపెనీ భూగర్భం మీద నెపం పెట్టింది, ప్రభుత్వమేమో తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదంది. తగువు ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తుల దగ్గరికెళ్లింది. ఆ తగువులో పర్యావరణం ఏ పక్షానికీ ప్రధాన వాదన కాదు. గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్‌పీసీ మన తీరంలో దీన్‌దయాళ్ క్షేత్రం గురించి 2005లో ఎంత చెప్పింది? 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు. అభివృద్ధి ప్రణాళిక వేసుకునేసరికి దాదాపు పదోవంతుకొచ్చింది. చివరికి 2017లో 80 శాతం వాటా ఓఎన్‌జీసీ కొనుక్కుంది. ఆ తవ్వకాల కాలంలో వేట పోయిన ముమ్మిడివరం వైపు మత్స్యకారులు పరిహారం కోసం ఏళ్లతరబడి తిరిగారు. అంటే ఆశ తప్పినందుకు నష్టం అందరికీ వచ్చింది, అడ్డం పడ్డారన్న పేరు మాత్రం మడ అడవికొచ్చింది.

నేను నిబంధనలు ఖర్చు కాదనడం లేదు. ఖర్చే. కోరింగ అభయారణ్యం 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు, తూర్పు తీరంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. దాని పక్కనుంచి గొట్టం రావాలంటే చుట్టు తిరగాలి, లోతుగా వెయ్యాలి, మడ కొడితే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, అదే సీఆర్‌జెడ్ 2019 ప్రకారం మూడింతలు నాటాలి. డబ్బవుతుంది, ఏడాది ఆలస్యమవుతుంది. కానీ ఆలస్యం వేరు, ఆగిపోవడం వేరండి. 1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లు ఈ హాల్లో సగంమంది ఉన్నారు. మడ వెనకాల ఊరు ఎలా ఉంది, మడ లేని ఊరు ఎలా ఉంది అన్నది వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గొట్టం దగ్గరికొస్తాను. కాస్త ఓపిక పట్టండి, నా వ్యాపారం ఇదే. (నవ్వులు)

గ్యాస్ బావి తవ్వాలంటే, ఉత్పత్తి చెయ్యాలంటే పర్యావరణ అనుమతి కావాలి. 2006 నోటిఫికేషన్. ఉత్పత్తికైతే పెద్ద నివేదిక రాయాలి, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, కలెక్టర్‌గారు గానీ ఆయన తరఫు అధికారి గానీ కూర్చోవాలి. మరి ఆ గ్యాస్ ఊళ్లమధ్య నుంచి మోసుకెళ్లే గొట్టానికో? అదే నోటిఫికేషన్ షెడ్యూలు 6(ఎ) చదవండి. జాతీయ పార్కుల్లోంచో, అభయారణ్యాల్లోంచో, పగడపు దిబ్బల్లోంచో, అలాంటి సున్నిత ప్రాంతాల్లోంచో పోయే గొట్టానికే అనుమతి కావాలి. కొబ్బరితోట సున్నిత ప్రాంతం కాదు. ఊరు అసలే కాదు. తాబేలు గుడ్లు పెట్టేచోట గొట్టం వేస్తే కేంద్రం అడుగుతుంది, మన దొడ్డి వెనకాల వేస్తే ఆ చట్టం కింద ఎవరూ అడగరు. తాబేలుకి నేను వ్యతిరేకిని కాదండోయ్.

మరి గొట్టానికి ఏ చట్టం? 1962 నాటి పెట్రోలియం, ఖనిజ గొట్టాల చట్టం. దాని కింద భూమి తీసుకోరు, భూమిలో "వినియోగ హక్కు" తీసుకుంటారు. గెజిట్‌లో ప్రకటన వేస్తారు. 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. ఆ తర్వాత ప్రకటనతో హక్కు వాళ్లదైపోతుంది. భూమి మీ పేరే, పాసు పుస్తకం మీదే, పన్నూ మీదే. కానీ తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

ఈ చట్టం రాసినవాళ్ల మనసులో వరి చేనో జొన్న చేనో ఉందండి. అక్కడైతే గొట్టం పాతాక మళ్లీ దున్నుకోవచ్చు, నష్టం ఒక పంటతో పోతుంది. మన కోనసీమలో తోట. కొబ్బరి మొక్కకీ మొక్కకీ 8 మీటర్లు వదులుతాం, ఎకరానికి 60 చిల్లర చెట్లు. 18 మీటర్ల పట్టీ మీ తోటలో 100 మీటర్లు పోయిందనుకోండి, దాదాపు 45 సెంట్లు, 28 చెట్లు. ఉన్న చెట్టు కొట్టినందుకు డబ్బిస్తారు, అది పదో సెక్షన్ మొదటి భాగం. వినియోగ హక్కుకి నాలుగో ఉపసెక్షన్ ప్రకారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. అక్కడితో సరి. ఇక ఆ 45 సెంట్లలో మీరు ఎప్పటికీ కొబ్బరి నాటలేరు. అంతరపంటగా వేసిన కోకో, పోక కూడా చెట్లే. మిగిలేది పసుపో, కందో, పశుగ్రాసమో. నీడ పోయిన చోట అవీ పాత తోటలో ఉన్నట్టుండవు. ఆ పట్టీ ఉన్న తోట అమ్ముదామంటే కొనేవాడు మొత్తం ధర మీద బేరం తగ్గిస్తాడు, 45 సెంట్ల మీద కాదు. ఇంటిస్థలంగా మారే భూమైతే చెప్పనే అక్కర్లేదు.

10 శాతం అన్నది ఎలా వచ్చిందో గానీ, తోట రైతుకు అది నష్టానికి కొలత కాదు. పరిహారం నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు, ఆ దారి చట్టంలోనే ఉంది. చెట్ల వయసు, దింపుకి దిగే కాయల లెక్క, పక్క సర్వే నంబరు రిజిస్ట్రేషన్ ధర, ఇవి పెట్టుకుని వస్తే కొంత పెరుగుతుంది. కానీ చట్టంలో ఉన్న 10 శాతాన్ని జడ్జిగారు 50 చెయ్యలేరు కదండీ. అది పార్లమెంటు మార్చాలి. ఏ ఎన్నికల్లోనూ ఏ పార్టీ వారూ దీని గురించి ఒక్క మాట అనగా నేను వినలేదు.

అదీ భూమి సంగతి. ప్రాణాల సంగతి చెప్పాలంటే నగరం అనే మన ఊరి పేరు చెప్పాలి.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో ప్రభుత్వ గ్యాస్ రవాణా కంపెనీ గెయిల్ గొట్టం లీకై, గ్యాస్ మంచులా పరుచుకుని, అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్లు, టీ కోసం లేచినవాళ్లు, 20 మందికి పైగా పోయారు. ఇళ్లు, తోటలు బూడిదయ్యాయి. ఎందుకు జరిగింది? ఆ గొట్టం పొడి గ్యాస్ కోసం వేసింది. అందులో నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలిక చమురు) ఉన్న తడి గ్యాస్ పంపారు. అడుగున నీరు నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టింది. విచారణల్లో తేలింది ఇదీ. ఇందులో భూకంపం లేదు, విద్రోహం లేదు, తెలియని శాస్త్రం లేదు. ఇనుము తడిస్తే తుప్పు పడుతుందన్నది మన ఇంటి బొక్కెనని అడిగినా చెబుతుంది.

ఆ గొట్టం వేసినప్పుడు ఉండాల్సిన కాగితాలన్నీ ఉండే ఉంటాయి. ఏళ్లు గడిచాక లోపల ఏం పోతోంది, గోడ ఎంత మందం మిగిలింది అని అడిగే మనిషి ఊళ్లో లేడు, మండలంలో లేడు, జిల్లాలో లేడు. తహసీల్దారుకి ఆ అధికారం లేదు. కాలుష్య నియంత్రణ మండలి గాలి, నీరు చూస్తుంది, గొట్టం గోడ మందం చూడదు. పెట్రోలియం నియంత్రణ బోర్డు 2006 చట్టం కింద ఏర్పడింది, అది ఢిల్లీలో ఉంది. పంచాయతీకి గొట్టం గుర్తుగా పాతిన ఒక పసుపు రాయి కనిపిస్తుంది, దాని మీద ఒక నంబరు.

ఇంధనం, నిబంధన రెండూ శత్రువులనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నగరం తర్వాత ఏమైంది? ఈ ప్రాంతంలో చాలా లైన్లు ఆపేశారు. గొట్టం లేక ఓఎన్‌జీసీ బావులు మూసుకోవలసి వచ్చింది, ఆ గ్యాస్ మీద నడిచే కరెంటు కేంద్రాలు దిగిపోయాయి. తనిఖీలు, మార్పిడులు అయ్యేదాకా అంతే. ఒక గొట్టాన్ని సకాలంలో తనిఖీ చెయ్యనందుకు మొత్తం బేసిన్ ఉత్పత్తి పడిపోయింది. కఠినమైన నిబంధన వల్ల ఏ రోజూ అంత గ్యాస్ ఆగలేదు.

పాశర్లపూడి కూడా అంతే. 1995 జనవరి 8. బావి తవ్వుతుండగా బ్లోఅవుట్, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నింది. 65 రోజులు మండింది, అమెరికా నుంచి మనుషులొస్తే గానీ ఆరలేదు. రాత్రిపూట కాకినాడ వైపు నుంచి కూడా ఆకాశం ఎర్రగా కనిపించేదని చెప్పేవారు. ఈ దేశంలో మొదటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ వచ్చింది 1994 జనవరి 27న. దానికి ఏడాది నిండకముందే ఇది. ఆ నోటిఫికేషన్ ఎంత మంచిదైనా, రిగ్గు దగ్గర రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి చేతిలో, గ్యాస్‌ని అణచడానికి బావిలోకి పంపే బురద బరువు ఎంతుందో, కవాటం మూసుకుంటుందో లేదో అది చూడలేదు కదా. ఆ పని వేరే తనిఖీది.

(సభలోంచి ఒకరు: "ఇప్పుడు మళ్లీ కొత్త బావులు వేస్తున్నారండి.")

వేస్తున్నారండి, దానికే వస్తున్నా. 2020 జనవరిలో కేంద్రం ఒక మార్పు చేసింది. చమురు, గ్యాస్ అన్వేషణ బావుల్ని బి2 వర్గంలోకి మార్చేసింది. అంటే వాటికి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. గ్యాస్ పడ్డాక ఉత్పత్తికి మాత్రం ఉంటుంది. వినడానికి సబబుగానే ఉంది, ఉందో లేదో తెలియని దానికి సభ ఎందుకని. కానీ మన ఊళ్లో ఏం జరుగుతుంది? అన్వేషణకే రోడ్డు వేస్తారు, బోదె మీద తూము పెడతారు, రెండెకరాలు మెరక చేస్తారు, రిగ్గొస్తుంది, బురద గుంట తవ్వుతారు. పాశర్లపూడిలో మండింది కూడా తవ్వుతున్న బావే, ఉత్పత్తిలో ఉన్న బావి కాదు. ప్రమాదం ఎక్కువున్న దశకే జనాన్ని అడగడం మానేశారు. ఆ తర్వాత ఉత్పత్తి సభకు రమ్మంటే, అప్పటికి అన్నీ అయిపోయిన పెళ్లికి లగ్నం అడిగినట్టుంటుంది.

ఆ సభలైనా ఎలా ఉంటాయో మీకు తెలుసు. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఇస్తారు. నివేదిక వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో ఇచ్చేది సారాంశం. టెంటు, కుర్చీలు, పోలీసులు. ఎంతమంది రావాలన్న కోరం లేదు, ఒక్కరు వచ్చినా సభ సభే. అక్కడ ఏదీ నిర్ణయించరు, మాటలు రాసుకుని ఢిల్లీకి పంపుతారు. మనవాళ్లు కూడా ఉద్యోగాలివ్వండి, రోడ్డెయ్యండి, గుడి కట్టండి అంటారు గానీ, బావిలోంచి గ్యాస్‌తో పాటు వచ్చే ఉప్పునీరు ఎక్కడికి పంపుతారు అని అడిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. నిజానికి అడగాల్సింది అదే. ఆ నీరు శుద్ధి చేసి మళ్లీ లోతుకి పంపాలి. పంపకుండా మురుగు కాల్వలో కలిస్తే, ఆ కాల్వ నీరు తోడుకునే చేను ఉప్పెక్కుతుంది. మన దగ్గర కాలుష్యం మీద జాతీయ హరిత ట్రైబ్యునల్ 2022లో ఓఎన్‌జీసీకి 22 కోట్ల పైచిలుకు పర్యావరణ పరిహారం విధించింది. ఆ కేసు కాలుష్య మండలి మొదలుపెట్టింది కాదు, మన ప్రాంతపు పౌరుడొకరు వెళ్లి వేసుకున్నది.

అయితే ఒక మాట. ఉప్పంతా గ్యాస్ బావిదే అనడం కూడా న్యాయం కాదు. రొయ్యల చెరువులున్నాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులను కొట్టేస్తే, 2005లో కొత్త చట్టం తెచ్చి దారి వేశారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి కరెంటు రాయితీ ధరకి ఇస్తున్నారు, అది కూడా ఇంధన విధానమే మరి. చెరువు గట్టు పక్కన వరి చేను రైతు కన్నీళ్లు ఏ ట్రైబ్యునల్ లెక్కలోకీ రాలేదు. ఈ మాట అంటే మన వాళ్లకే కోపమొస్తుంది, తెలుసు. (కొందరి నవ్వులు)

భూమి కుంగుతోందా అని చాలామంది అడుగుతారు. తీరం కోతకు పెద్ద కారణం మట్టి రాకపోవడం. గోదావరి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990లకి అది 6 కోట్ల లోపుకొచ్చింది. ఎగువ ఆనకట్టల వెనకాల ఆగిపోయింది. గ్యాస్ తీయడం వల్ల కుంగడం అన్నది ప్రపంచంలో లేనిది కాదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ క్షేత్రంలో నేల కుంగి, భూకంపాలొచ్చి, 2023 అక్టోబరులో ఉత్పత్తి ఆపేశారు. కానీ వాళ్లు ఆపింది గోలతో కాదు, దశాబ్దాలపాటు కొలిచిన కొలతలతో. మన దగ్గర కొలత రాయి పెట్టి, ఏటా చదివి, ఆ అంకె పంచాయతీ గోడ మీద రాయించండి అని అనుమతి షరతుల్లో అడగాలి. అది లేకుండా కుంగుతోందని మనమూ, కుంగడం లేదని వాళ్లూ అరుచుకోవడమే.

ఇక పిల్లలకోసం ఒక్క మాట కొత్త ఇంధనం గురించి. కాకినాడలో పాత నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీ చోట, ఒకప్పుడు మన గ్యాస్‌తో యూరియా చేసిన చోట, ఇప్పుడు ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా తలపెట్టారు. గ్యాస్ బదులు కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తారు. నీళ్లన్నీ తాగేస్తుందని ఒక ప్రచారముంది. లెక్క వేసుకోండి. టన్ను అమ్మోనియాకి రసాయనికంగా కావలసిన నీరు టన్నున్నర పైన. 10 లక్షల టన్నులకి 16 లక్షల ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షలు. శుద్ధికీ చల్లబరచడానికీ ఇంకొన్ని రెట్లు వేసుకున్నా డెల్టా కాల్వల నీటి ముందు అది చిన్నది. కాబట్టి నీళ్ల మీద కాదు, అమ్మోనియా నిల్వ మీద అడగండి. ట్యాంకు లీకైతే ఎటు గాలి, ఏ పేట ముందు, సైరన్ ఎవరు మోగిస్తారు, ఏడాదికెన్నిసార్లు డ్రిల్లు? ఆ జవాబు ఇప్పుడు, కట్టకముందు తీసుకోవాలి.

(ప్రశ్నలు)

ఒక విద్యార్థిని: మరి గ్యాస్ తీయడం వద్దంటారా సార్?

లేదమ్మా. మీ ఇంట్లో సిలిండరుందిగా, మా ఇంట్లోనూ ఉంది. బొగ్గు కంటే గ్యాస్ మసి తక్కువ, కరెంటు అవసరం సాయంత్రం పెరిగినప్పుడు చప్పున ఎక్కేది కూడా గ్యాస్ కేంద్రమే. రాయలసీమ ఎండ కుంగాక అదే కావాలి. తియ్యనివ్వండి. తీసినన్నాళ్లూ ఎవరో ఒకరు చూస్తుండాలి, చూసిన కాగితం మనకివ్వాలి, నేను అడిగేది అదొక్కటే.

ఒక రైతు: మా తోట పక్కన మూసేసిన బావి ఉందండి. పదేళ్లుగా ఎవరూ రాలేదు. ఎవర్ని అడగాలి?

మంచి ప్రశ్న అండి. బావి వదిలేసేటప్పుడు సిమెంటు దిగ్గొట్టి మూసి, స్థలం మునుపటిలా చేసి ఇవ్వాలి. దానికోసం కంపెనీలు డబ్బు పక్కన పెట్టే పథకం 1999 నుంచే ఉంది. ముందు అది తాత్కాలికంగా ఆపిందా, శాశ్వతంగా వదిలేసిందా తేల్చుకోవాలి, రెండింటికీ బాధ్యత వేరు. కంచె దగ్గర బోర్డు మీద బావి పేరు, నంబరు ఉంటాయి, రాసుకోండి. ఉత్పత్తికి పర్యావరణ అనుమతి తీసుకున్న బావైతే, ఆ అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. అది రహస్యపత్రం కాదు, ఎవరడిగినా ఇవ్వాలి. అలాంటి అనుమతి లేని పాత బావైతే కాలుష్య మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి చూడాలి, సమాచార హక్కు కింద మండలి ప్రాంతీయ కార్యాలయానికి దరఖాస్తు పెడదాం. గొట్టమైతే పసుపు రాయి మీది నంబరు కావాలి. నంబరు లేకుండా "మా తోట వెనకాల బావి" అంటే వాళ్లు జవాబివ్వరు, ఇవ్వలేరు కూడా. ఫొటో తీసి పట్టుకురండి. సోమవారం కోర్టుంది, సాయంత్రం నాలుగింటి తర్వాత నేను ఖాళీయే.